అబ్బాయి బోటు నడుపుతాడట, కాగితం ఉందా?

రాజమండ్రి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. కొడుకూ కోడలూ ఇంగ్లండులో ఉంటారట. వచ్చే వేసవిలో అమ్మనీ నాన్ననీ పిలిపించుకుని, ఆరేళ్ళ పాపతో సహా అందరూ ఫ్రాన్సు వెళ్ళి, 'కెనాల్ దు మిది' అనే కాలువలో వారం రోజులు బోటులోనే ఉందామని అబ్బాయి ప్లాను. వంటగదీ పడకలూ అన్నీ బోటులోనే ఉంటాయి. "అంతా బాగానే ఉందండీ, కానీ బోటు వాడే నడుపుతాడట! నీకు లైసెన్సు ఏదిరా అంటే, అక్కడ అక్కర్లేదమ్మా అంటాడు. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటినుంచీ నాకు లాంచీ పేరెత్తితేనే కాళ్ళు వణుకుతాయి. వాడు చెప్పేది నిజమేనా?" అని అడిగారు.

నిజమేనమ్మా. మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. కాకపోతే సగమే చెప్పాడు. ఆ మిగతా సగం తెలుసుకుందాం.

బ్రిటన్‌లో సొంత సరదా కోసం మామూలు బోటు నడుపుకునే మనిషికి లైసెన్సు తప్పనిసరి కాదు. కాలువలో తిరగాలంటే బోటుకి లైసెన్సు కావాలి గానీ, నడిపేవారికి అక్కర్లేదు. చిక్కంతా పొరుగు దేశం నీళ్ళలోకి వెళ్ళినప్పుడే వస్తుంది. "నీకు బోటు నడపడం వచ్చని రుజువేది?" అని అక్కడి అధికారి అడిగితే ఏం చూపిస్తారు? కారు లైసెన్సు చూపిస్తే నవ్విపోతారు.

అందుకోసమే ఐ.సి.సి. అనే అంతర్జాతీయ యోగ్యతా పత్రం ఉంది. ఐక్యరాజ్య సమితికి చెందిన యూరప్ ఆర్థిక సంఘం 1998లో చేసిన 40వ తీర్మానం ప్రకారం దీన్ని ఇస్తున్నారు. బ్రిటన్‌లో ఇచ్చేది రాయల్ యాటింగ్ అసోసియేషన్. పదహారేళ్ళు నిండాలి, బోటు నడిపి చూపించాలి. కాలువలూ నదుల కోసమైతే 'సెవ్ని' అనే యూరప్ జలమార్గాల నిబంధనల్లో పరీక్ష కూడా రాయాలి. మన రోడ్డు గుర్తుల్లాగే అక్కడా బోర్డులూ దీపాలూ ఉంటాయి. ఎరుపు, తెలుపు, ఎరుపు చారల బోర్డు కనిపిస్తే ముందుకు పోకూడదు. హారన్ ఒక్కసారి పొట్టిగా మోగితే ఆ బోటు కుడివైపు తిరుగుతోందని, రెండుసార్లు మోగితే ఎడమవైపని అర్థం. ఇవి తెలియనివాడు పెద్ద సరుకు పడవలు తిరిగే నదిలోకి దిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఈ పత్రం ఉంటే చాలు, ఎక్కడికైనా వెళ్ళొచ్చు అనుకోకండి. కాలువలకా, సముద్ర తీరానికా, మోటారు బోటుకా, తెరచాప బోటుకా అన్నది అందులోనే రాసి ఉంటుంది. స్కూటరు లైసెన్సుతో లారీ నడపకూడదు కదా, ఇదీ అంతే. పైగా దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది ఏ దేశానికి ఆ దేశం ఇష్టం. హాలండులో బోటు 15 మీటర్లకు మించి పొడుగున్నా, గంటకు 20 కిలోమీటర్లకు మించి వేగంగా వెళ్ళేదైనా లైసెన్సు కావాలి. క్రొయేషియా తీరంలో బోటు అద్దెకు తీసుకుంటే నడిపే లైసెన్సుతో పాటు, రేడియో వాడటం వచ్చన్న సర్టిఫికెట్టు కూడా ఒకరికైనా ఉండాలి.

మరి మీ అబ్బాయికి ఫ్రాన్సులో ఎందుకు అక్కర్లేదు? అద్దె బోట్లకు అక్కడ ఒక మినహాయింపు ఉంది. బోటు అద్దెకిచ్చే కంపెనీవాళ్ళే నడపడం ఎలాగో చూపించి, ఒక తాత్కాలిక కార్డు ఇస్తారు. అది ఆ అద్దె రోజులకే చెల్లుతుంది. స్నేహితుడి మోటారు బోటు అడిగి తీసుకున్నా, సొంతంగా కొనుక్కున్నా ఈ కార్డు పనికిరాదు. అసలు సంగతి ఇక్కడే ఉంది సుమా! ఆ కార్డు అనుమతి మాత్రమే. అది చేతికొచ్చినంత మాత్రాన నడపడం వచ్చేసినట్టు కాదు.

అంటే భయపడమని కాదు. ఈ కాలువను 1666లో మొదలుపెట్టి 1681లో పూర్తి చేశారు. తులూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా 240 కిలోమీటర్ల పొడవు. బోట్ల వేగం గంటకు 8 కిలోమీటర్లు దాటకూడదు. మన ఊళ్ళో సైకిలే అంతకంటే జోరుగా పోతుంది. జాగ్రత్తగా ఉండాల్సింది లాకుల దగ్గర. మీది గోదావరి జిల్లా కాబట్టి లాకులంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ధవళేశ్వరం లాకుల్లో పడవ ఎక్కడం, దిగడం చూసే ఉంటారు.

లాకులో దిగేటప్పుడు ఒకరు స్టీరింగు దగ్గర ఉంటే, ఇంకొకరు తాడు పట్టుకోవాలి. తాడును గట్టు మీది గుంజకు ఒక చుట్టు తిప్పి, కొస చేతిలోనే ఉంచుకుని, నీళ్ళు తగ్గేకొద్దీ వదులుతూ ఉండాలి. ముడి వేశారో, నీళ్ళు కిందికి పోతాయి, బోటు తాడుకు వేలాడుతుంది! వెనక ఉన్న పై గేటు దగ్గర నీళ్ళ అడుగున రాతి గడప ఉంటుంది. బోటు వెనక భాగం దాని మీద చిక్కుకుంటే ముందు భాగం నీళ్ళలోకి ఒరుగుతుంది. అందుకని బోటును కాస్త ముందుకే నిలబెట్టాలి. గోడకు తగులుతోంది కదా అని చేత్తోనో కాలితోనో నెట్టకండి. టన్నుల బరువు మధ్య వేళ్ళు నలిగిపోతాయి. ఎవరైనా నీళ్ళలో పడితే, వాళ్ళు దగ్గరలో ఉండగా ఇంజను గేరులో ఉండకూడదు. అడుగున ఫ్యాను తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ తాడు పట్టుకునేది ఎవరు? మీ కోడలో, మీరో! మగవాళ్ళు స్టీరింగు దగ్గర సరంగులా నిలబడతారు, కంపెనీవాళ్ళు చెప్పేదీ వాళ్ళే వింటారు. మనం లోపల సామాన్లు సర్దుకుంటూ ఉంటాం. ఆ సరంగే నీళ్ళలో పడితే? గ్రీసులో తెరచాప బోటు అద్దెకు ఇవ్వాలంటే లైసెన్సున్న మనిషి ఒక్కడే చాలడు, పని తెలిసిన రెండో మనిషి కూడా ఉండాలంటారు. ఫ్రాన్సు కాలువలో ఆ నిబంధన లేకపోయినా, మన ఇంటికి మనం పెట్టుకుంటే తప్పేముంది?

కాబట్టి అబ్బాయితో ఇలా అనండి. "బాబూ, డబ్బు కట్టకముందే కంపెనీవాళ్ళకు రాసి, ఏ కాగితాలు కావాలో రాతపూర్వకంగా తెప్పించుకో. ఇన్సూరెన్సు దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో అడుగు. పాపకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందో లేదో కనుక్కో. వీలైతే ఇంగ్లండులోనే రెండు రోజులు నేర్చుకుని ఆ ఐ.సి.సి. తీసుకో." ఇక కోడలికి ఒక్క మాట చెప్పండి చాలు. మొదటి రోజు పాఠం చెప్పేటప్పుడు సామాన్లు అలా వదిలేసి, వచ్చి పక్కన నిలబడమనండి. ఇంజను ఆపడం, బోటును గట్టుకు చేర్చడం తన చేత్తో ఒకసారి చేసి చూడమనండి. మీరూ పక్కనే ఉండండి.

వెళ్ళి రండమ్మా. వచ్చాక తాడు ఎవరు పట్టుకున్నారో మాత్రం నాకు తప్పకుండా రాయాలి!