నాయికకు మంచితన మేల?

అమెరికా రచయిత్రి లిబ్బా బ్రే 2003వ సంవత్సరమున ప్రకటించిన ‘ఎ గ్రేట్ అండ్ టెర్రిబుల్ బ్యూటీ’ యను నవలను గూర్చి చదువరులు చెప్పుకొను మాటలను మేము కొంతకాలముగా వినుచున్నాము. పదునైదు పదునాఱేండ్ల బాలికలకొఱకు వ్రాయబడిన యీ గ్రంథమును మెచ్చువారు పెక్కుమంది కలరు. వారితో మాకు జగడము లేదు. నిందలలో మాత్ర మొకటి మాటిమాటికి వినవచ్చుచున్నది. ఇందలి బాలికలు మంచివారు కారట! స్వార్థపరులట, అబద్ధము లాడుదురట, ఒకరి నొకరు ఏడిపించుకొందురట. ఇట్టివారిని జూచి మన పిల్లలేమి నేర్చుకొందురని పెద్దలును, ఇట్టివారితో స్నేహము చేయజాలమని పిల్లలును పెదవి విఱచుచున్నారు.

కథ నెఱుగనివారికై రెండు మాటలు. కాలము 1895. బొంబాయిలో పెరిగిన జెమ్మా డాయిల్ అను ఆంగ్లబాలిక తన పదునాఱవ పుట్టినరోజున తల్లితో కలహించి, పరుషములు పలికి, ఆ దినముననే తల్లిని పోగొట్టుకొనును. పిదప ఆమెను ఇంగ్లండులోని స్పెన్స్ అకాడమీ యను బాలికల పాఠశాలకు పంపుదురు. అచ్చట నామెయు, ముగ్గురు చెలికత్తెలును ఒక మాయాద్వారము గుండ వేఱొక లోకమునకు పోయివచ్చుచుందురు.

తల్లిని తూలనాడిన పిల్ల నాయిక యెట్లగునని ఒక పెద్దమనుష్యుడు మా యెదుటనే ఆక్షేపించెను. మా మేనకోడలికి పదునైదేండ్లు. ఆమె ఆ ఘట్టము చదివి, పుస్తకము మూసి, చాలసేపు మాటాడక కూర్చుండి, తరువాత వంటయింటిలోనున్న తల్లియొద్దకు పోయెను. ఆ పెద్దమనుష్యుడు నీతి లేదన్నచోట ఈ పిల్ల కేమి దొరకెనో మేము వివరింప నక్కఱలేదు.

ఆ మాయాలోకమున ఫెలిసిటీ అధికారమును, పిప్పా ప్రేమను, ఆన్ సౌందర్యమును, జెమ్మా ఆత్మజ్ఞానమును కోరుదురు. ఇవి దురాశలని చదువరుల తీర్పు. ఇవి యెచ్చటినుండి పుట్టినవో వారు విచారింపరు. పిప్పా చక్కని పిల్ల. ఆమె కున్న మూర్ఛరోగమును దాచిపెట్టి, వయసు మళ్లిన ధనికునికి కట్టబెట్ట తలిదండ్రులు తొందరపడుచుందురు. ఈ బేరమును చదువునపుడు, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’ తెలుగువారికి జ్ఞప్తికి రాదా? ఆన్ అనాథ, బంధువుల దయమీద చదువుకొని, వారి పిల్లలకే పంతులమ్మగా జీవితము గడుపవలసినది. ఆమె రహస్యముగా తన చేతులను తానే గాయపఱచుకొనును. ఇట్టి పిల్లలు సౌమ్యముగా, సత్యవ్రతలై, చిఱునవ్వుతో నుండవలెనని కోరుట యెట్టి న్యాయము? స్పెన్సు పాఠశాల వారినుండి కోరునదియు అదియే గదా! చదువరులు తామెఱుగకయే ఆ బడి పంతులమ్మలయి కూర్చున్నారు. కడపట పిప్పా ఆ మాయాలోకముననే నిలిచిపోవుటకు నిశ్చయించుకొనును. ఈ లోకమున మరణించును. మంచితనము నేర్పిన యిల్లు ఆ పిల్లకు విడిచిన దారి అంతమాత్రమే.

రెండవ నింద పండితులది. 1895లో ఏ బాలికయు ఇట్లు తలపదట. ఇవి నేటి తలపులకు తొడిగిన పాత గౌనులట. సంభాషణలలో నేటి నుడికారము దొరలిన మాట నిజమే. కాని తలపుల మాట వేఱు. స్త్రీల కళాశాల యగు గిర్టను 1869లోనే వెలసెను. లండను విశ్వవిద్యాలయము 1878లో స్త్రీలకు పట్టముల నీయ నంగీకరించెను. అంత దూర మేల? బొంబాయినే చూతము. పదునొకండవ యేట వివాహమైన రఖ్మాబాయి భర్త కాపురమునకు పోనని నిలిచెను. 1885లో ‘ఒక హిందూ స్త్రీ’ యను పేర పత్రికకు లేఖలు వ్రాసెను. కాపురమునకు పొమ్ము, లేదా ఆఱు మాసములు చెఱసాల కేగుమని 1887లో న్యాయస్థానము తీర్పు చెప్పగా, చెఱసాలయే మేలనెను. 1888లో వ్యాజ్యము రాజీపడిన పిదప లండనునకు పోయి వైద్యవిద్య నభ్యసించి, 1894లో పట్టము నందెను. ఆ కాలపు బాలికల కింత ధైర్య ముండదనువారు ఆమెకేమి బదులు చెప్పుదురు?

ఈ నవలమీద మాకు గల ఫిర్యాదు ఇచ్చటనే యున్నది. ఆశ్చర్యమేమన, నాయిక గుణదోషముల కింత గోల చేయువారిలో దీని నెత్తిచూపువారు కొలదిమందియే. గ్రంథకర్త్రి బొంబాయిని పాములతోను, ఎండతోను, అంగడి సందడితోను నింపినది. జెమ్మా ఆ యూరిని రోసి లండను నభిలషించును. పదునాఱేండ్ల పిల్ల రోయవచ్చును, తప్పు లేదు. కాని గ్రంథమును ఆమె కన్నులతోనే చూచి తృప్తిపడినది. కార్తిక్ అను భారతీయ యువకు డొకడు ఆమె వెంట ఇంగ్లండునకు వచ్చి, హెచ్చరించి, కలలలో కనబడి, చాటునకు పోవుచుండును. అతడు సుందరుడని బాలికలు మురియుదురు. అతని సొంత దుఃఖమునకు మాత్ర మీ మొదటి సంపుటమున చోటు మిక్కిలి తక్కువ. ఆంగ్లబాలికల కోపమును ఇంత శ్రద్ధతో విన్న రచయిత్రి, బొంబాయిలో ఏ బాలిక కోపమును వినలేదు. 2005, 2007 సంవత్సరములలో వెలువడిన తరువాతి సంపుటములను మా మేనకోడలు తెప్పించుకొనినది. మేమును చదువ నున్నాము.

జెమ్మా బొంబాయిని విడిచి లండను చేరిన యా 1895వ సంవత్సరముననే రఖ్మాబాయి లండనునుండి మరలివచ్చి, సూరతులోని స్త్రీల ఆసుపత్రిలో వైద్యురాలుగా పని నారంభించెను.