శాంపిల్ ఇచ్చే పిల్లకు తెలుగులో చెప్పేవారెవరు?

2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పురుషుల వంద మీటర్ల ఫైనల్లో ఎనిమిది మంది పరుగెత్తాలి. బరిలోకి వచ్చింది ఒక్కడే. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ‘నాడా’ అధికారులు స్టేడియానికి వచ్చారని తెలియగానే మిగతావారు కనిపించకుండా పోయారు. అవే పోటీల్లో జూనియర్ విభాగం అమ్మాయి ఒకరు గీత దాటాక కూడా ఆగకుండా, శాంపిల్ కోసం వెంటపడిన అధికారికి అందకుండా పరుగు తీసిందని పత్రికలు రాశాయి. చాలామంది ఆ వార్త చదివి నవ్వుకున్నారు. బడికి పిల్లలను పంపేవాళ్లం నవ్వుకోవలసిన సంగతి కాదది. పరీక్ష అంటే అంత భయం ఆ వయసు పిల్లకు తనంతట తాను పుట్టదు.

విదురాశ్వత్థ, బాగేపల్లి, చింతామణి వైపు మన పిల్లలు హోబళి పోటీలతో మొదలుపెట్టి తాలూకా, జిల్లా దాటి రాష్ట్ర స్థాయికి వెళుతూనే ఉన్నారు. అక్కడినుంచి జాతీయ పోటీలు ఒక్క మెట్టు. డోపింగ్ పరీక్షకు కనీస వయసు అంటూ ఏమీ లేదు. పద్నాలుగేళ్ల పిల్లనైనా మూత్రం శాంపిల్ అడగవచ్చు. ప్రపంచ సంస్థ ‘వాడా’ 2024 లెక్కల ప్రకారం మన దేశంలో 7,113 పరీక్షలు జరిగితే 260 శాంపిళ్లలో నిషిద్ధ పదార్థాలు దొరికాయి. ఎక్కువ పరీక్షలు జరిపే పెద్ద దేశాలేవీ ఇంత నిష్పత్తికి దగ్గరలో లేవు.

ల్యాబ్ ఏం చేస్తుందో కాస్త వివరంగా తెలుసుకోవడం మంచిది. పిల్ల ఇచ్చిన మూత్రాన్ని తన ఎదుటే ‘ఎ’, ‘బి’ అనే రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. సీసా మీద పేరు ఉండదు, సంఖ్య మాత్రమే. ఢిల్లీలోని జాతీయ ల్యాబ్‌లో ముందు ‘ఎ’ సీసా తెరుస్తారు. క్రొమటోగ్రఫీ యంత్రం మూత్రంలోని పదార్థాలను విడదీస్తే, మాస్ స్పెక్ట్రోమీటరు వాటి ముక్కల బరువును బట్టి ఏది ఏదో గుర్తిస్తుంది. గ్రాములో వందకోట్లవ వంతును కూడా పట్టుకోగలదు. మందు అరిగిపోయినా, శరీరం దాన్ని విరిచి వదిలిన ముక్కలు ఇంకా ఉంటాయి కదా, వాటిని చూస్తుంది.

టెస్టోస్టిరాన్ లాంటిది ఒంట్లో సహజంగానే ఉంటుంది. బయటినుంచి ఎక్కించుకున్నదో కాదో ఎలా తేలుతుంది? అందులోని కార్బన్ చెబుతుంది. మందుల కంపెనీలు దాన్ని ఎక్కువగా సోయా లాంటి మొక్కల పదార్థంతో తయారుచేస్తాయి. ఆ మొక్కల్లో బరువైన కార్బన్ పాలు తక్కువ. రాగి, జొన్న, మొక్కజొన్నల్లో అది ఎక్కువ. అలాగైతే రాగిముద్ద తినే మన పిల్లల లెక్క తప్పుతుందా అంటే తప్పదు. అదే మనిషి ఒంట్లో తయారైన ఇంకో స్టెరాయిడ్‌ను పక్కన పెట్టి పోల్చి చూస్తారు కాబట్టి తిండి తేడా కొట్టుకుపోతుంది. ఈ ల్యాబ్‌నే 2019 ఆగస్టులో వాడా సస్పెండ్ చేసింది. పని ప్రమాణాలకు తగ్గట్టు లేదని. గుర్తింపు తిరిగి వచ్చేసరికి 2021 డిసెంబరు అయింది. పరీక్షించేవారికీ పరీక్ష ఉందన్నమాట.

ఇంత సూక్ష్మంగా చూసే యంత్రానికి తెలియనిది ఒకటుంది. ఆ పదార్థాన్ని ఎవరు ఇచ్చారో, ఏమని చెప్పి ఇచ్చారో దానికి తెలియదు. మన రాష్ట్రానికే చెందిన అశ్విని అక్కుంజి కథ చూడండి. ఉడుపి జిల్లా రైతు కుటుంబం పిల్ల. 2010 గ్వాంగ్‌జౌ ఏషియాడ్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లోనూ రిలేలోనూ రెండు బంగారు పతకాలు తెచ్చింది. మరుసటి ఏడాది స్టెరాయిడ్ దొరికింది. ఉక్రెయిన్ కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్‌లో అది కలిసి ఉందని క్రీడాకారిణుల వాదన. దేశంలోని కమిటీ ఏడాది నిషేధంతో సరిపెట్టింది. 2012లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది. కోచ్ ఇచ్చాడన్నది నిజమే అనుకున్నా, ఒంట్లోకి వెళ్లినదానికి బాధ్యత క్రీడాకారిణిదే అన్నది నియమం. ఈ నియమం కఠినమైనదే. కానీ దీన్ని సడలిస్తే ‘మా సారు ఇచ్చాడు’ అనని మనిషి ఒక్కడూ మిగలడు.

ఇంట్లో మందుల డబ్బా సంగతి ఇంకా దగ్గరది. 2019లో క్రికెటర్ పృథ్వీ షాకు ఎనిమిది నెలల నిషేధం పడింది. కారణం టెర్బుటలిన్. పిల్లలకు దగ్గు వస్తే మెడికల్ షాపులో అడిగి తెచ్చి పట్టించే ఎన్నో సిరప్‌లలో ఉండే మందు అది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పదహారేళ్ల రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్ బంగారు పతకం పోగొట్టుకున్నది జలుబు మాత్రతో. ఇచ్చింది జట్టు డాక్టరే. ఇక జిమ్‌లో ఎవరో చేతిలో పెట్టే పొడుల డబ్బాల గురించి చెప్పనే అక్కర్లేదు. పిల్లలకు అవి అవసరమని నేను అనుకోను.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ఒక ఫారం నింపాలి. గత ఏడు రోజుల్లో ఏయే మందులు వాడారో అందులో రాయాలి. తెలుగు ఇంట్లో పెరిగి, కన్నడంలో చదువుకునే మన పిల్ల అక్కడ ఇంగ్లిషు ఫారం ముందు కూర్చుంటుంది. ‘తెల్ల మాత్ర, అమ్మ ఇచ్చింది’ అని తప్ప ఏమీ చెప్పలేదు. చీటీ, మాత్రల అట్ట, బిల్లు దాచి ఉంచే అలవాటు మన ఇళ్లలో తక్కువ.

చాలామందికి తెలియని విషయం ఒకటి చెబుతాను. శాంపిల్ ఇచ్చేవారు తమ ప్రతినిధిని వెంట ఉంచుకోవచ్చు. అందుబాటులో ఉంటే దుబాసీని కూడా కోరవచ్చు. మైనరు అయితే పెద్దవారు ఒకరు తోడుండాల్సిందే. ఆ పెద్దమనిషి పిల్ల మూత్రం పోయడాన్ని చూడరు, పిల్ల కోరితే తప్ప. అధికారి తన పని సరిగా చేస్తున్నాడా లేదా అన్నది చూస్తారు. జరిగిన తీరులో తేడా కనిపిస్తే ఆ ఫారం మీదే రాయవచ్చు. ‘ఎ’ సీసాలో ఏదైనా దొరికితే ‘బి’ సీసా తెరిపించమని అడిగే హక్కూ ఉంది. పదహారేళ్ల లోపు పిల్లలకు నియమాల్లో ప్రత్యేక రక్షణ ఉంది. తప్పు తీవ్రతను బట్టి మందలింపు నుంచి గరిష్ఠంగా రెండేళ్ల దాకా తగ్గవచ్చు. పిల్లలకు స్టెరాయిడ్ లాంటి మందు ఇచ్చిన కోచ్‌కు మాత్రం జీవితకాల నిషేధం.

‘అందుబాటులో ఉంటే’ అన్న మాట దగ్గర మన బడులు ఆగి ఆలోచించాలి. చిక్కబళ్ళాపురం జిల్లానుంచి వెళ్లిన పిల్లకు తెలుగు దుబాసీని నాడా ఎక్కడినుంచో తెచ్చి పెడుతుందని కాచుకు కూర్చోలేం. పోటీకి వెంట వెళ్లే మాస్టారో టీచరమ్మో ఆ పని చేయగలగాలి. ఫారంలో ఏముంటుందో ముందే తెలిసి ఉండాలి. పిల్ల వాడుతున్న మందుల పేర్లు రాసిన కాగితం చేతిలో ఉండాలి. ఉబ్బసం లాంటి జబ్బుకు నిషిద్ధ జాబితాలోని మందు తప్పనిసరైతే డాక్టరు కాగితాలతో అనుమతికి దరఖాస్తు చేయాలి. జాబితా ఏటా జనవరి 1న మారుతుంది కాబట్టి పోయినేడు సరిపోయిన మందు ఈ ఏడు సరిపోకపోవచ్చు. మందు నిషిద్ధమా కాదా అన్నది ఫోనులో చూసుకోవడానికి ‘నో యువర్ మెడిసిన్’ అనే నాడా యాప్ ఉంది.

హోబళి పోటీలకు ముందు తల్లిదండ్రుల సభ ఎలాగూ జరుగుతుంది. బూట్ల కొలతలు, బస్సు ఖర్చులు మాట్లాడుకున్నాక ఒక అరగంట దీనికి ఇవ్వమని అడుగుతున్నాను, తెలుగులో. ఆ రోజు ఇంట్లో ఉన్న దగ్గు మందు సీసాలు, మాత్రల అట్టలు వెంట తీసుకురమ్మని చెబితే సగం పాఠం అక్కడే అయిపోతుంది.