నాన్నకు గుండె జబ్బు ఉంటే మనకూ తప్పదా? ముసలితనం, డీఎన్‌ఏ లెక్క ఇదీ!

కూకట్‌పల్లి, హైదరాబాద్: "మా నాన్నకు యాభై ఏళ్లకే గుండె జబ్బు వచ్చింది.. నాకూ రాసిపెట్టి ఉందేమో!" కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చే ఐటీ ఉద్యోగుల్లో ఈ భయం ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఇంతకీ ముసలితనం, దాంతో వచ్చే జబ్బులు డీఎన్‌ఏలో ముందే రాసి ఉంటాయా?

సగం జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. హబ్సిగూడలోని సీసీఎంబీకి చెందిన డాక్టర్ కె. తంగరాజ్, విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ఓ కీలక విషయం బయటపెట్టారు. గుండె కండరానికి అవసరమైన ప్రొటీన్‌ను తయారుచేసే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లోపించిన వాళ్లు భారతీయుల్లో దాదాపు 4 శాతం ఉన్నారు. అంటే పాతిక మందిలో ఒకరు!

వయసులో ఉన్నప్పుడు వీళ్లకు పెద్దగా ఇబ్బంది ఉండదు. లోపమున్న ప్రొటీన్‌ను కణాలే ఎప్పటికప్పుడు ఊడ్చేస్తాయి. వయసు మీద పడేకొద్దీ ఆ శుభ్రం చేసే శక్తి తగ్గుతుంది. చెత్త పేరుకుని గుండె బలహీనపడుతుంది. పిల్లలు పుట్టాక ఎప్పుడో బయటపడే లోపం కాబట్టే అది తరతరాలుగా వస్తూనే ఉంది.

లోపం లేనివాళ్ల డీఎన్‌ఏ కూడా చెక్కుచెదరకుండా ఉండదు. ప్రతి కణంలో రోజుకు వేలసార్లు అది దెబ్బతింటుంది, రిపేర్ అవుతుంది. ఈ రిపేర్ గుట్టు విప్పినందుకే 2015లో ముగ్గురికి కెమిస్ట్రీ నోబెల్ దక్కింది. ఏళ్లు గడిచేకొద్దీ రిపేర్ కాని దెబ్బలు మిగిలిపోతాయి.

మరి అంతా తలరాతేనా? కాదు. డెన్మార్క్‌లో 2,872 కవల జంటలపై చేసిన 1996 నాటి అధ్యయనం ప్రకారం ఆయుష్షులో తేడాలకు జన్యువుల వాటా పావు వంతే. మిగతాది బతికే తీరు, పరిసరాలు.

మన ఐటీ కారిడార్‌కు అసలు హెచ్చరిక ఇక్కడే ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే, 84 శాతం మంది కాలేయంలో కొవ్వు పేరుకుంది. 2025లో వచ్చిన ఈ అధ్యయనం గంటల తరబడి కూర్చోవడం, నిద్ర లేమి, ఒత్తిడి వైపే వేలు చూపింది.

ఇక "మీ అసలు వయసు చెప్తాం" అనే డీఎన్‌ఏ కిట్ల సంగతి. స్టీవ్ హోర్వాత్ 2013లో డీఎన్‌ఏపై 353 చోట్ల ఉండే రసాయన గుర్తులతో వయసును అంచనా వేసే పద్ధతి చూపించారు. పరిశోధనకు అది బాగా పనికొస్తుంది. కానీ ఆ ఒక్క నంబర్ చూసి ఎవరి ఆయుష్షూ చెప్పలేం.

అందుకే కిట్‌కు వేలు పోసే ముందు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. ఇంట్లో గుండె జబ్బు చరిత్ర ఉంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పి, ఎకో అవసరమో లేదో అడగాలి. నాన్న ఇచ్చిన డీఎన్‌ఏను మార్చలేం. రాత్రి నిద్రను, పొద్దున నడకను మాత్రం మార్చుకోవచ్చు!