ఆపరేషన్ పొట్టకు - నొప్పి కాలికి

దివిసీమ వారికైనా, కైకలూరు, గుడివాడ వారికైనా పెద్ద ఆపరేషన్ అంటే చాలామట్టుకు విజయవాడ ప్రయాణమే. మంచం పక్కన చాప వేసుకుని కాచుకునేది భార్యో, కొడుకో, అప్పచెల్లెళ్లో. వారి కోసమే ఈ నెల మేమిది వ్రాస్తున్నాము.

గర్భసంచి, మూత్రమార్గం, పెద్దపేగు చివరి భాగాలకు చేసే కొన్ని ఆపరేషన్లలో రోగిని వెల్లకిల పడుకోబెట్టి, రెండు కాళ్లూ పైకెత్తి స్టాండ్లపై ఉంచుతారు. త్వరగా ముగిస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. నాలుగు గంటలు దాటితే ప్రమాదం పెరుగుతుంది. ఎత్తిన కాలికి రక్తం సరిగా ఎక్కదు, పిక్క స్టాండుకు ఒత్తుకుంటుంది. కాలు దించాక రక్తం తిరిగి ప్రవహించి కండరాలు ఉబ్బుతాయి. వాటి చుట్టూ సాగని గట్టి పొర ఉంది. బిగించి కుట్టిన గోనెసంచిలో ధాన్యం తడిసి ఉబ్బినట్లు, లోపల ఒత్తిడి పెరిగి నరాలను, రక్తనాళాలను నొక్కేస్తుంది. దీనినే డాక్టర్లు కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు.

ఇది చాలా అరుదు. ఇలా పడుకోబెట్టినవారిలో సుమారు 3,500 మందికి ఒకరికి వస్తుందని ఒక అంచనా. కాని వచ్చినవారికి గడువు గంటలే. ఆరు గంటలు గడిస్తే కండరం చచ్చిపోవచ్చు. కాలికే గాక మూత్రపిండాలకూ ముప్పు.

గుర్తులు ఇవి: మందు ఇచ్చినా తగ్గని పిక్క నొప్పి, వ్రేళ్లు కదిపితే భరించలేని బాధ, పిక్క రాయిలా బిగియడం, తిమ్మిరి. పాదంలో నాడి అందుతున్నా ధైర్యపడరాదు. వెన్ను మత్తు ఇంకా ఉంటే నొప్పి తెలియకపోవచ్చు, కనుక చేత్తో తాకి చూడండి.

"వాతం" అనుకుని నూనె రాసి పిసకడం, కాపడం పెట్టడం వద్దు. పిక్కలో రక్తం గడ్డకట్టినా నొప్పి వస్తుంది, అప్పుడూ పిసకడం ప్రమాదమే. కాలిని దిండ్లపై ఎత్తుగా పెట్టవద్దు. వెంటనే డాక్టరును పిలిపించండి. అవసరమైతే ఆ గట్టి పొరను కోసి ఒత్తిడి తగ్గిస్తారు. సకాలంలో చేస్తే కాలు దక్కుతుంది.

మోకాలి క్రింద వెలుపలి వైపు నరం నలిగితే పాదం పైకి లేవదు. అదీ ఆలస్యం చేయక చెప్పండి.

ఆపరేషన్‌కు ముందు "ఎన్ని గంటలు పడుతుంది? కాళ్లు ఎత్తి ఉంచుతారా? మధ్యలో దించుతారా?" అని అడగడం తప్పు కాదు. అర్ధరాత్రి నర్సమ్మను లేపడానికి మొహమాటపడకండి. ఆ మొహమాటం ఒక కాలంత ఖరీదు కావచ్చు.