బడి దిగువన, భూమి ఎగువన

గూడెం కొత్తవీధిలో సెంటు భూమి ధర యెంత అని నర్సీపట్నపు వర్తకు డెవడైనను అడిగినచో అతనికి జవాబు దొరకదు. ధర తెలియక కాదు. అతనికి అది అమ్మకమునకే లేదు. 1959 నాటి మొదటి రెగ్యులేషనును సవరించుచు 1970లో వచ్చిన మొదటి రెగ్యులేషను, మన్యములో చదువురాని ముసలివారు సైతము ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పేరుపెట్టి పిలుచు శాసనము, షెడ్యూల్డు ప్రాంతములోని భూమి గిరిజనుని చేతినుండి గిరిజనుని చేతికే పోవలెనని కట్టడి చేసినది. గిరిజనేతరుని స్వాధీనములో నున్న భూమినైనను అతడు మరొక గిరిజనేతరునకు అమ్మజాలడు. భూమి ధర ఊళ్లను మ్రింగివేయుచున్న ఈ దినములలో, ఒక మండలమునకు మండలము ఆ సంతనుండి తప్పించుకొని నిలిచియుండుట విశేషమే.

ఐతే ఆ మండలమునందలి తండ్రులకును తల్లులకును ఆ సంత తప్పలేదు. పిల్లవాని చదువు అయిదవ తరగతి దాటగానే వారు కొండ దిగి దానిని వెదకికొనుచు పోవుచున్నారు. చింతపల్లి, పాడేరు, నర్సీపట్నము, ఇంకను ఓపిక యున్నచో విశాఖపట్టణము. మంచి బడి యున్నచోట ఒక గది, రెండు గదులు, శక్తి చాలినచో చిన్న సొంత ఇల్లు. ఎగువన వారి భూమిని కాపాడిన శాసనమునకు దిగువన వారి వెంట నడచు శక్తి లేదు. నేడు మన్యములో చదువు సమస్య యని చెప్పుకొనుచున్న దానిలో సగము ఇంటి సమస్య.

బడికొరకు ఇల్లు కొనుట కొత్త సంగతి కాదు. అమెరికాలో అది ఒక సంసారపు ప్రథమ సూత్రము. టెక్సాసు రాష్ట్రములోని ఫ్రిస్కో, ప్లేనో పట్టణములలో స్థిరపడిన మన తెలుగువారు తొలి ఇల్లు చూడబోవునప్పుడు గదులెన్ని యని అడుగుటకు ముందు ఏ స్కూలు డిస్ట్రిక్టు అని అడుగుదురు. బడికి వచ్చు సొమ్ములో పెద్ద భాగము ఆ ఎల్లలలోని ఇండ్లపై వేయు పన్నునుండి వచ్చుచుండుటచేత, మంచి బడి యింటి ధరను పెంచును; పెరిగిన ధర బడిని మరింత మంచిదిగా చేయును. బీదవాని పిల్లవాడు ఆ సుడిగుండమునకు వెలుపల నిలిచిపోవును. శాన్ ఆంటోనియో నగరములోని ఎడ్జ్‌వుడ్ అను బీద డిస్ట్రిక్టు తలిదండ్రులు ఇది అన్యాయమని న్యాయస్థానమున కెక్కిరి. 1973లో ఆ దేశపు సుప్రీము కోర్టు, అయిదుగురు ఒకవైపును నలుగురు ఒకవైపును నిలిచి, విద్య తమ రాజ్యాంగము ప్రకారము మౌలికమైన హక్కు కాదని తీర్పు చెప్పినది. ఇరువది యేండ్లకు టెక్సాసు శాసనసభ ధనిక డిస్ట్రిక్టుల పన్నులో కొంత బీద డిస్ట్రిక్టులకు మళ్లించు చట్టము చేసినది. జనము దానికి ‘రాబిన్ హుడ్’ అని దొంగపేరు పెట్టిరి. చీనాలో ఈ పిచ్చి ముదిరి, పేరున్న బడి ప్రక్కనుండు పాతకొంపలకు సైతము నగరములలో ఎనలేని ధర పలికినది. బీజింగులోని షీచెంగ్ డిస్ట్రిక్టు అధికారులు, 2020 జూలై 31 తరువాత ఇల్లు కొన్నవారికి ఫలానా బడియే దొరకునన్న పూచీ లేదని ప్రకటింపవలసి వచ్చినది.

మన రాష్ట్రములో అట్టి గీత లేదు. ఈ వీధివారికి ఈ బడి యని హద్దు గీచి ప్రవేశము నిరాకరించు పద్ధతి మన ప్రభుత్వ పాఠశాలలలో లేదు. బడి నడచునది ఇంటిపన్నుమీద కాదు, రాష్ట్ర ఖజానామీద. కావున మనయందు ఇంటి ధరకును బడికిని సంబంధము ఉండరాదు. అయినను ఉన్నది. ప్రైవేటు పాఠశాల బస్సు ఏ సందు మొగకు వచ్చునో ఆ సందులో అద్దె పెరుగును. పేరుపొందిన జూనియర్ కళాశాల వెలసినచోట పొలములు ప్లాట్లగును. చట్టము గీయని గీతను అద్దె గీచుచున్నది.

గూడెం కొత్తవీధినుండి దిగివచ్చిన కుటుంబము ఈ గీత దగ్గర ఎట్లు నిలుచునో చూడవలెను. అక్కడి సంసారమునకు రొక్కము చేతికి వచ్చునది ముఖ్యముగా కాఫీవలన, దానికి నీడనిచ్చు చెట్లపై ప్రాకిన మిరియపు తీగవలన. కాఫీపండు కోతకు వచ్చునది చలికాలములో. పండు కోసి, ఎండబెట్టి, అమ్మి సొమ్ము కండ్ల చూచుసరికి సంక్రాంతి దాటును. బడులు తెరచునది జూను మాసమున. పట్టణములో వాటా యజమాని అడ్వాన్సు అడుగునది అప్పుడే; ఆపైన ప్రతి నెల మొదటివారమున అద్దె. ఏడాదికొకసారి వచ్చు ఆదాయముతో నెలకొకసారి వచ్చు ఖర్చును మోయుట ఎంత కష్టమో పల్లపు రైతుకును తెలియును. కాని పల్లపు రైతునకు అప్పు పుట్టించు భూమి యున్నది. పిల్లల తల్లి పేర 2020 జనవరిలో మొదలైన ‘అమ్మ ఒడి’ సహాయము ఏడాదికి 15,000 రూపాయలు. 2025లో అది ‘తల్లికి వందనం’ అయినది. మేలే. కాని అది చదువునకు ఇచ్చిన సొమ్ము. తలపై కప్పునకు ఇచ్చినది కాదు.

ఈ వలసలో సంసారము రెండుగా చీలును. తల్లి పిల్లలతో దిగువకు వచ్చును. తండ్రి పోడునకును తోటకును కాపలాగా ఎగువన నిలుచును. రెండు పొయ్యిలు వెలిగింపవలెను, రెండు చోట్ల బియ్యము కొనవలెను. చోడి యంబలి త్రాగిన పిల్లవాడు పట్టణములో ఇడ్లీబండి దగ్గర నిలుచుట నేర్చును. కోదు, భగత, కొండదొర, వాల్మీకి కుటుంబములలో కూలికి పోని ఆడుది ఉండదు. పట్టణములో ఆమెకు తెలిసిన పని దొరకదు, దొరకిన పని తెలియదు. ఇంటి లెక్కలో ఈ నష్టమును ఎవరును వ్రాయరు.

అద్దె ఇచ్చి ఇచ్చి విసిగి, చిన్న ఇల్లొకటి కొందమని తలపెట్టినవానికి ఏమి జరుగును? దిగువన కొనుటకు గిరిజనునకు ఏ శాసనమును అడ్డు రాదు. బ్యాంకువారును ఆ యింటినే తాకట్టు పెట్టుకొని అప్పిత్తురు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము 30 లక్షల లోపు అప్పైనచో ఇంటి విలువలో నూటికి 90 వరకు ఇయ్యవచ్చును. ఆ మిగిలిన పదియు, రిజిస్ట్రేషను ఖర్చులును కొనువాడు తేవలెను. నెలనెల వాయిదా కట్టగలనని ఆదాయపు కాగితము చూపవలెను. పల్లపు రైతు ఆ పదికొరకు అర ఎకరము అమ్మును. మన్యపు రైతు తన తోటను తనవంటి గిరిజనునకే అమ్మవలెను. అతని చేతిలోను కాఫీసొమ్మే గదా! అటవీ హక్కుల చట్టము క్రింద వచ్చిన పట్టా యైనచో అదియు లేదు: 2006 నాటి ఆ చట్టము ప్రకారము ఆ హక్కు వారసులకు సంక్రమించునే గాని అన్యాక్రాంతము కాదు. ప్రభుత్వము కట్టియిచ్చు ఇల్లు కలదు. 2023 నవంబరు 15న ఆరంభమైన ‘పి. ఎం. జన్‌మన్’ పథకములో కోదులవంటి ఆదిమ తెగలకు ఇంటికి 2 లక్షల రూపాయలు కేటాయించిరి. ఆ ఇల్లు లేచునది కొండమీది గ్రామములో. అది తగినదే. కాని పాఠశాల గంట అక్కడికి వినబడదు.

కనుక కొండదిగువ ఇల్లు కొనగలిగిన గిరిజనుడు ఎవరు? నెలజీతగాడు. అతనిని పుట్టించినది 2000 సంవత్సరపు 3వ సంఖ్య ప్రభుత్వ ఉత్తర్వు. షెడ్యూల్డు ప్రాంతపు ఉపాధ్యాయ ఉద్యోగములన్నియు స్థానిక గిరిజనులకే యని ఆ ఉత్తర్వు శాసించినది. పల్లమునుండి వచ్చి హాజరుపట్టీలో సంతకము చేసి మరలిపోవు ఉపాధ్యాయునికంటె, పిల్లల మాట తెలిసినవాడు మేలన్నది దాని తాత్పర్యము. ఇరువది యేండ్లు నడచిన పిమ్మట, నూటికి నూరు పాళ్లు రిజర్వేషను రాజ్యాంగమునకు విరుద్ధమని 2020 ఏప్రిల్ 22న సుప్రీము కోర్టు ధర్మాసనము దానిని కొట్టివేసినది. జరిగిపోయిన నియామకములను మాత్రము షరతులతో నిలువనిచ్చినది. ఆ ఉత్తర్వు వలన కొండలలో ఒక చదువుకొన్న తరగతి ఏర్పడినది. జీతపు కాగితము చూపి పట్టణములో తొలి ఇల్లు కొనగలుగువారు ఆ తరగతివారే. అట్లు కొన్ననాడు వారి పిల్లలు ఆ యింటి ప్రక్కబడిలోనే చదువుదురు. తాను పాఠము చెప్పు బడిలో తన బిడ్డ లేకపోవుట ఉపాధ్యాయుని తప్పని నిందించుట సులభము. పల్లములో ఎందరు ప్రభుత్వోపాధ్యాయులు తమ పిల్లలను ప్రభుత్వ పాఠశాలలో చేర్చుచున్నారో లెక్క చూచుకొన్న పిమ్మట ఆ నింద వేయవచ్చును.

ఇక్కడ ఒక వాదము వినవచ్చుచున్నది. భూమికి ధర లేకపోవుటయే గిరిజనుని పేదరికమునకు మూలము. 1/70ని సడలించినచో అతడు ఒక ఎకరము అమ్మి విశాఖలో పిల్లల చదువునకు ఇల్లు కొనుక్కొనును గదా యని. 2025 ఆరంభమున పర్యాటకపు పెట్టుబడుల సందర్భములో ఈ సడలింపు మాట బయటికి వచ్చినది. ఫిబ్రవరిలో మన్యము బంద్ పాటించినది. చట్టమును మార్చు తలంపు లేదని ముఖ్యమంత్రి ప్రకటింపవలసి వచ్చినది.

వాదము పైకి తియ్యగానే యుండును. దానిని చేయువారు 1917ను మరచుచున్నారు. ఆ సంవత్సరమున మద్రాసు ప్రభుత్వము, పరదేశపు ప్రభుత్వమై యుండియు, ఏజెన్సీలో భూమి షావుకార్ల పాలగుచున్నదని కన్నులార చూచి మొదటి నిషేధపు చట్టమును చేసినది. గిరిజనుల యందు ప్రేమ వలన కాదు. 1879 నాటి రంప పితూరీ వలన పుట్టిన భయముతో. అయిదేండ్లు తిరుగకముందే, నర్సీపట్నమునుండి చింతపల్లికి వేసిన రోడ్డుపనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి, అల్లూరి సీతారామరాజు తిరుగుబాటునకు ఒక కారణమైనది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి జరిగినది. నేడు తల్లి బిడ్డలతో, బియ్యపు మూటతో నర్సీపట్నము బస్సెక్కి దిగివచ్చునది ఆ దారిననే.

సడలించిననాడు భూమి ఒక్కమారే అమ్ముడుపోవును. అమ్మినవాడు ఆ సొమ్ముతో పట్టణములో కొనునది రెండు గదులు. వదలుకొన్నది తరతరముల తోట. లంబసింగి మంచునకు ముగ్ధులై వచ్చువారు పెరిగినకొలది కొండమీది భూమి ధర విశాఖ ధరతో పోటీ పడును. అప్పుడు గిరిజనునకు ఎగువనను ఇల్లుండదు, దిగువనను ఉండదు. 1997లో సమత కేసులో సుప్రీము కోర్టు, ప్రభుత్వము కూడ ఈ శాసనమునకు లోబడిన ‘వ్యక్తి’యే గావున షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతర కంపెనీలకు గనుల లీజు కీయరాదని తీర్పిచ్చినది. ప్రభుత్వమునకే కూడదన్న పనిని సంతకు విడిచిపెట్టుట ఏమి న్యాయము?

భూమి దిగిరాలేదు గనుక బడియే ఎక్కిపోవలెను. ఈ మాట క్రొత్తది కాదు. నైజాము రాజ్యములో హైమండార్ఫ్ దొర 1943లో ఆదిలాబాదు మార్లవాయిలో గోండులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దుటకు పూనుకొనెను. 2004లో ఆంధ్రప్రదేశము ఎనిమిది గిరిజన భాషలలో తొలితరగతుల బోధన మొదలుపెట్టినది. కోదుల కువి వానిలో నొకటి. 2009 విద్యాహక్కు చట్టపు నియమములు కిలోమీటరు లోపల ప్రాథమిక పాఠశాల, మూడు కిలోమీటర్లలో ప్రాథమికోన్నత పాఠశాల ఉండవలెనని చెప్పుచున్నవి. కొండలో కిలోమీటరు పటముమీది కిలోమీటరు కాదు. నడుమ గెడ్డ యున్నచో వానాకాలములో అది యోజనము.

దూరమునకు మన ప్రభుత్వములు కనిపెట్టిన మందు వసతి పాఠశాల. 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో వెలసిన గురుకులమునుండి ఆ త్రోవ సాగినది; మన్యములో ఆశ్రమ పాఠశాలలు దానికి తోడైనవి. అవి లేనిచో నేటి గిరిజన డాక్టర్లలో, ఉద్యోగులలో అనేకులు లేరు. కాని వసతిగృహము పిల్లవానికి మంచమిచ్చును, ఇల్లు ఈయలేదు. ఆరేండ్ల బిడ్డను తల్లినుండి వేరుచేసి చదివించుట తప్పనిసరియైన మేలే గాని, మేలని మురియదగినది కాదు. పల్లములో కలిగినవాడు బడికొరకు ఇల్లు మార్చును. కొండలో లేనివాడు బడికొరకు బిడ్డను మార్చుకొనుచున్నాడు.

ఎక్కిపోవలసిన బడితో ఉపాధ్యాయుడును ఎక్కవలెను. అతడు నిలువవలెనన్నచో అతనికి ఇల్లు కావలెను. 3వ సంఖ్య ఉత్తర్వు పోయిన తరువాత పల్లమునుండి వచ్చు గిరిజనేతర ఉపాధ్యాయుడు గూడెం కొత్తవీధిలో సెంటు కొనలేడు, కొనరాదు. అద్దెకు తగిన ఇండ్లును అరుదు. అతడు చింతపల్లిలోనో నర్సీపట్నములోనో కాపురముండి ఉదయపు బస్సులో ఎక్కును. అదే బస్సు దిగునప్పుడు అతని శిష్యుడు పట్టణపు బడికై దిగును. పాఠశాల ఆవరణలో ప్రభుత్వము నాలుగు క్వార్టర్లు కట్టినచో 1/70లో అక్షరమైనను మార్చనక్కరలేదు. దానికి కావలసినది శాసనము కాదు, ఇటుక.

నూటికి 50 మందికి మించి గిరిజనులు, 20,000 గిరిజన జనాభా గల ప్రతి బ్లాకునకు ఏకలవ్య ఆదర్శ పాఠశాల నిత్తుమని 2018 బడ్జెటులో కేంద్రము చెప్పినది. గూడెం కొత్తవీధి మండలమునకును అది మంజూరైనది. అట్టి పాఠశాలకు ఆరవ తరగతినుండి పండ్రెండవ తరగతి వరకు అన్నియు కలిపి 480 స్థానములు. ఆరవ తరగతికి 60. అవియు ప్రవేశపరీక్ష మీద. అరువది యొకటవ పిల్లవాని తండ్రి ఆ వేసవిలోనే నర్సీపట్నములో వాటా వెదకుట ప్రారంభించును.