పదవి లేనోళ్లకి విరమణ ఎప్పుడు?

పదవీ విరమణ అంటారు. ఎంత పెద్ద మాట! పదవి ఉన్నోడికే విరమణ. మరి పదవి లేనోడి సంగతేంటి? మన మాలపల్లెల్లో, మాదిగవాడల్లో తాతలు ముత్తాతలు దేన్నుంచి విరమించారు? వెట్టి నుంచా? పాలేరుతనం నుంచా? పొలం గట్టు మీద కూలబడ్డ రోజే వాళ్లకి రిటైర్మెంటు. పాడె మీద వేసిన దండే వాళ్లకి సన్మానం.

అందుకే ఈసారి మేం దాడుల గురించి, కేసుల గురించి కాకుండా ఒక ముసలి మొగుడూ పెళ్లాల బతుకు గురించి రాస్తున్నాం. ఇది కూడా ఉద్యమ విషయమేనా అని నవ్వేవాళ్లు కాస్త ఆగి చదవండి.

చీరాల చుట్టుపక్కల మన పేటల్లో ఇలాంటి జంటలు ఇప్పుడు కొందరున్నారు. ఆయన ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా చేసి దిగిపోయాడు. ఆమె సర్కారు ఆస్పత్రిలో ఆయాగా చేసి దిగిపోయింది. ఇద్దరికీ నెలనెలా పింఛను. పొద్దున్నే లేస్తారు, ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోద్ది? ఆయన పేపరు పైకి చదువుతాడు. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటది, మధ్యలో నాయకుల్ని నాలుగు తిడతది. అన్నం తిని బీపీ మాత్ర వేసుకుని ఒక కునుకు తీస్తారు. పట్టపగలు మంచం మీద నడుం వాల్చడం! వీళ్ల అమ్మానాన్నలు పగలు పడుకుంటే జ్వరమొచ్చిందేమోనని ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చేవాళ్లు.

సాయంత్రం ఇస్త్రీ చొక్కా, ఉతికిన చీర. సెంటర్లో టీ కొట్టు దగ్గరికి ఇద్దరూ కలిసే పోతారు. అక్కడ వీళ్లలాంటి జంటలు ఇంకో మూడు. బల్ల మీద కూచుంటారు. డీఏ బకాయిల దగ్గర మొదలైన మాట మోకాళ్ల నొప్పుల మీదుగా మనవళ్ల చదువుల దాకా పోద్ది. నెలకోసారి అందరూ కలిసి వాడరేవు సముద్రం. ఏడాదికోసారి రైలెక్కి నాగపూరు దీక్షాభూమి. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ సవితమ్మతో కలిసి బౌద్ధం తీసుకున్న చోటు అది. అక్కడికి మనోళ్లు జంటలుగా పోవడంలో ఒక అందం ఉంది.

ఇంతే. ఇందులో కథ లేదు. కానీ ఇందులో ప్రతిదానికీ మన జాతి ఖరీదు కట్టింది.

ఆ టీ కొట్టు బల్లనే తీసుకోండి. వీళ్ల నాన్నలు బయట నిలబడి, వేరే గ్లాసులో తాగి, కడిగి బోర్లించి పోయినవాళ్లు. రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లలో, దుకాణాల్లో, వినోద స్థలాల్లో వివక్ష కూడదని 1950లోనే చెప్పింది. కాగితం మీది ఆ మాట బల్ల దాకా రావడానికి ఒక తరం పట్టింది. ఇంకా రాని ఊళ్లూ ఉన్నాయి.

సినిమా హాలు? 1991లో చుండూరులో సినిమా హాల్లో చదువుకున్న దళిత కుర్రాడి కాలు అగ్రకులస్తుడికి తగిలిందన్న గొడవ ఎక్కడికి పోయింది? ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపేదాకా పోయింది. 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. మంచినీళ్ల చెరువు? 1985 జులై 17న కారంచేడులో ఏం జరిగిందో ఈ పత్రిక చదివేవాళ్లకి మేం చెప్పాలా? ఆ ఊరొదిలి చీరాలకి తరలొచ్చిన మనోళ్లే ఇక్కడ విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. అందుకే అంటున్నాం, ఒక దళిత ముసలి జంట సాయంత్రం పూట స్నేహితులతో బల్ల మీద కూచుని తీరిగ్గా నవ్వుకోవడం చిన్న విషయం కాదు.

తీరిక లేనోడికి సంస్కృతి లేదని బాబాసాహెబ్ ఎప్పుడో తేల్చాడు. 1945లో కాంగ్రెసు, గాంధీ అంటరానివాళ్లకి చేసిందేమిటో విప్పి చెప్పిన పుస్తకంలోనే ఈ వాదన పెట్టాడు. యంత్రం మీద కోపమెందుకు, మనిషికి తీరిక ఇచ్చేది అదేగా, ప్రజాస్వామ్యం ప్రతి మనిషికీ తీరికా సంస్కృతీ అందించాలిగా అని అడిగాడు. ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా పెట్టిన బిల్లు వల్లే 1946లో ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి దిగింది. ఆ మనిషి మాత్రం 65 ఏళ్లకి, రాస్తూ రాస్తూనే పోయాడు.

ఇప్పుడు అదే పేటలో రెండో ఇంటికి రండి. అరవై ఐదేళ్ల కూలి జంట. మిరప కోతకి ఇద్దరూ పోతారు. పోకపోతే కుదరదు. సర్కారు పింఛను లేదా అంటే ఉంది. ఆంధ్రాలో 2024 జులై నుంచి 4,000 అయింది. మంచిదే. కానీ వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కటే! మొగుడికొస్తే పెళ్లానికి రాదు. తెలంగాణ ఆసరాలోనూ ఇదే పద్ధతి. మొగుడు పోతేనే ఆమెకి అది మళ్లుద్ది. ఇద్దరూ బతికుంటే ఒక పొట్ట, ఒకరు చస్తే ఇంకో పొట్ట గుర్తొస్తదా? ఇది ఏ లెక్క? మాస్టారు తనకొస్తుంది కాబట్టి ఆయమ్మకి ఎవరైనా ఆపారా? ఉద్యోగం చేసిన చేతికి హక్కు, నాట్లేసిన చేతికి దయ! కేంద్రం సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. 1995లో 75 రూపాయలతో మొదలెట్టి, అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వాళ్లకి 200 దగ్గర ఆపేసింది. వృద్ధాప్యంలో ఆదుకోమన్న 41వ అధికరణానికి కట్టిన వెల అది.

ఇక మా తరం. ఇంట్లో మొదటి డిగ్రీ మాది, మొదటి జీతం మాది. సరిగ్గా మేం గుమ్మంలోకొచ్చేసరికి తలుపు మూశారు. రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినోళ్లకి పాత పింఛను లేదు. మా జీతంలో కోసింది షేర్ల బజారుకి పోద్ది. తాతల నాటి పొలం ఉన్నోడికి పింఛను పోతే ఖర్చు తగ్గుద్ది. మనకి పోతే మళ్లీ కూలిబాటే.

మన మగవాళ్లకి కూడా ఒక మాట. రిటైరైన ప్రతి ఇంట్లోనూ ఇద్దరూ రిటైరవుతున్నారా? ఆయన విగ్రహం దగ్గరో, సంఘం ఆఫీసులోనో సాయంత్రాలు గడుపుతాడు. ఆమె పొయ్యి దగ్గరే. పొయ్యికి పదవీ విరమణ వయసెంత? పైన చెప్పిన మాస్టారు పప్పుచారు కాయడం నేర్చాడు. మొదట్లో తోటి మాస్టార్లు ఎగతాళి చేశారు. ఇప్పుడు వాళ్లూ ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఆయమ్మకి సాయంత్రం ఖాళీ దొరికింది అందుకే.

కొందరు యువకులు అంటున్నారు, పింఛనుదార్లు బాగుపడ్డారు, జాతిని మర్చిపోయారు, చివరి రోజు దాకా ఉద్యమానికే పని చెయ్యాలి అని. మేం ఒప్పుకోం. రోజుకో గంట అడుగుదాం. వాడలో అర్జీ రాయమందాం, పిల్లలకి లెక్కలు చెప్పమందాం. మిగిలిన పొద్దు వాళ్లది. తరతరాలుగా ఒళ్లొంచిన జాతిలో మొదటిసారి నడుం వాల్చిన మనిషిని లేపి మళ్లీ పనికి తోలే హక్కు మనకి లేదు. వాళ్ల సుఖం తప్పు కాదు. ఆ సుఖం పక్కింటికి రాకపోవడమే తప్పు.

అందుకని అడగాల్సింది గట్టిగా అడుగుదాం. మొగుడికీ పెళ్లానికీ వేర్వేరుగా పింఛను. వ్యవసాయ కూలీలకి 55 ఏళ్లకే. ఉద్యోగులకి పాత పింఛను. మన పేటల్లో సాయంత్రం కూచోడానికి చెట్టూ, అరుగూ, దీపమూ. వచ్చే గ్రామసభలో మొదటి రెండు ముక్కలైనా తీర్మానంగా పెట్టించండి. సంతకానికి ముసలోళ్లని ఒంటరిగా కాదు, జంటలుగా తీసుకెళ్లండి.

జై భీమ్.