రాని యంత్రమునకు ఛాయాచిత్రము

మన యలహంకలో ఒక తెలుగువారి ఇంట ఇటీవల జరిగిన వాదము ఈ వ్యాసమునకు హేతువు. ఆ ఇంటి పిల్లవాడు పరిశోధక విద్యార్థి. తనకు వలసిన ఒక పరికరము కొరకు బల్లబల్లకు తిరిగిన కాగితముల నన్నిటిని ఛాయాచిత్రములుగా తీసి, తేదీల వరుసను ముందుగది గోడకు అంటించెను. కట్టకడపటి చిత్రములో ఒక ఖాళీ బల్ల. దానిపై పరికరము నిలుపుటకై సుద్దతో గీచిన చతురస్రము. అంతే. చూడవచ్చిన పెద్ద లొకరు, "ఇది కళ యెట్లగును? తిన్నయింటి వాసములు లెక్కించుట గాక" అనిరి. వారియందు గౌరవముంచుకొనియే వారితో కలహింపదలచితిని.

కళ కాదనుట మొదటి ఆక్షేపణ. 1965లో అమెరికా దేశీయుడగు జోసెఫ్ కోసుత్ ఒక కుర్చీని, ఆ కుర్చీ ఛాయాచిత్రమును, నిఘంటువులో కుర్చీ అను మాటకుగల అర్థమును ప్రక్కప్రక్కన నిలిపి 'ఒకటి, మూడు కుర్చీలు' అని పేరిడెను. అందము చూపుటకు గాక ఆలోచన పుట్టించుటకు ఛాయాచిత్రమును వాడుట నేటి వింత కాదు. మన పరిశోధనశాలలలో ఇట్టి కళాఖండము ఎవరును పూనుకొనకయే తయారగుచున్నది. కొటేషనులో యంత్రము బొమ్మ యున్నది. ఫైలులో దాని వర్ణన యున్నది. యంత్రము మాత్రము లేదు. కోసుత్‌కు మూడు కుర్చీలు దొరకెను, మనవానికి రెండే.

హాలెండు ఛాయాగ్రాహకుడు యాన్ బానింగ్ 2003 మొదలు 2007 వరకు ఎనిమిది దేశముల కచేరీలలో ఉద్యోగులను వారి బల్లల వెనుకనే చిత్రించెను. మన బీహారును అందు కలదు. ముందుగా కబురు పెట్టక వెళ్లెడివాడు. వెంటనున్న రచయిత ఉద్యోగిని మాటలలో నిలిపియుంచుటచే, బల్ల సర్దుకొనుటకు వ్యవధి చిక్కెడిది కాదు. కెమెరా చూపు పనికై వచ్చి నిలిచిన పౌరుని చూపు. 2008లో అవి గ్రంథరూపమున వెలువడెను. గొప్ప పనియే, ఐనను నాకొక కొరత తోచును. చూపరి కన్ను గుమాస్తా ముఖమునకే అతుక్కొనును. కాగితపుకట్టల నడుమ చిక్కిన మనిషిని చూచి నవ్వుట సులభము. కాని నియమము వ్రాసినవా డతడా? ఒక్క సంతకము తక్కువైనచో ఆడిటువారు రేపు నిలదీయునది అతనినే కదా! (గుమాస్తాగిరి చేసి మమ్ము చదివించిన తండ్రికి నేను కుమారుడను, ఈ పక్షపాతమును పాఠకులు మన్నింతురు గాక.) మన పిల్లవాడు ఏ ముఖమును చూపలేదు. తేదీలను చూపెను. అందుచే అతని పని నాకు మిన్నగా తోచుచున్నది.

ప్రజాధనమునకు లెక్క వలదా యని రెండవ ఆక్షేపణ. వలయును. కాని కొన్న వస్తువునకు లెక్క చెప్పుట వేరు, కొనకముందే దొంగగా ఎంచుట వేరు. యు.జి.సి. పరిశోధక వేతనము మొత్తము 5 ఏండ్లకు మించదు. సీసాలోని రసాయనమునకును గడువు కలదు. గడువు లేనిది ఫైలునకే! కొటేషనులు లేక కొనదగిన మొత్తమును కేంద్రప్రభుత్వము పరిశోధన సంస్థలకు 2025 జూనులో లక్ష రూపాయలనుండి 2 లక్షలకు పెంచెను. ముడి బిగిసినదని వేసినవారే ఒప్పుకొని కొంత సడలించుచుండగా, మనము ప్రభుత్వమునకంటె మించిన ప్రభుభక్తి చూపనేల?

మన న్యూటౌనులో 1996నుండి కళలు నేర్పు సృష్టి విద్యాసంస్థ యున్నది. ప్రక్కనే జక్కూరులో 1989లో వెలసిన జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్ర మున్నది. కళయు శాస్త్రమును ఇరుగుపొరుగైన ఊరిలో కాపురముండి, ఒకదాని కష్టమును రెండవది చెప్పరాదనుట మనకు తగదు.

సంఘమువారు ఉగాదికి ఏర్పరచు ఛాయాచిత్ర ప్రదర్శనలో నందికొండ సూర్యోదయము నెన్నిమారులు చూచితిమో లెక్కలేదు. ఈ ఏడు ఒక్క సూర్యోదయమును తగ్గించి, ఆ గోడచోటు ఈ పిల్లవాని కిత్తము. చట్రముల ఖర్చు నేను భరింతును. కార్యదర్శిగారు నన్ను మూడు కొటేషనులు మాత్రము అడుగకుందురు గాక.